సమాధానం: డాక్టరు లేకుండా పోషకాహార కేంద్రం తెరవొచ్చా?

వందనాలు బ్రదర్. పాడేరు దగ్గర చర్చి తరఫున బక్కచిక్కిన పిల్లలకు, తల్లులకు కేంద్రం పెడదామంటే డాక్టరు దొరకట్లేదని రాశారు. అయితే వైద్యం మీరు తలకెత్తుకోకండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, రెండు పాదాలూ వాచినా అది తీవ్ర పోషకాహార లోపం. జ్వరం, వాపు ఉన్నా, తిండి ముట్టకపోయినా వెంటనే ప్రభుత్వ ఎన్‌ఆర్‌సీకి (ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల్ని చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రం) పంపాలి. అలాంటి బిడ్డకు జాలిపడి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికొస్తుంది. అక్కడ ఎఫ్-75 అనే, మొదటి దశలో ఇచ్చే ప్రత్యేక పాలు కొద్దికొద్దిగా, రాత్రి కూడా పడతారు. మొదటి రోజుల్లో ఐరన్ ఇవ్వరు.

మీ అవసరం ఆ చికిత్స సాగేటప్పుడూ, డిశ్చార్జి తర్వాతా ఉంది. చాలామంది తల్లులు కూలి పోతుందని, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్లు లేరని ఎన్‌ఆర్‌సీ నుంచి మధ్యలోనే వెళ్లిపోతారు. పెద్ద పిల్లలకూ చోటివ్వండి, కూలి డబ్బు సర్దండి. తల్లికీ గుడ్డు, పప్పు పెట్టండి, రక్తహీనత పరీక్ష చేయించండి. రాగి జావలో నూనె, వేరుశనగ పొడి కలపడం ఆమె చేతే చేయించండి.

ప్రార్థన పెట్టుకోండి, కానీ రాని తల్లికీ అదే భోజనం, అదే ప్రేమ అందాలి. ముందు పీహెచ్‌సీ డాక్టరును, అంగన్‌వాడీ సూపర్‌వైజరును కలవండి, గది అద్దె సంగతి తర్వాత.