బోరు కాడికి ఒకసారి రా

అల్లుడూ,

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఫోన్ మీద మోటర్ నడిపే డబ్బా చేస్తున్నవని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన వీడియో గూడ చూసిన. టేబుల్ మీద బల్బు వెలిగిచ్చి ఆర్పినవు, మీ సార్లు చప్పట్లు కొట్టిన్రు. మంచిగున్నది. ఇరవై ఆరేండ్ల సంది మోటర్లు వైండింగ్ చేస్తున్నోణ్ని గనుక నాకు తోచినయి రాస్తున్న, కోపం తెచ్చుకోకు.

ఫోన్ చేస్తె మోటర్ నడుసుడు ఇప్పుడు కొత్త ముచ్చట కాదు. డబ్బాల సిమ్ ఉంటది, రైతు రింగ్ ఇస్తడు, ఒకటి నొక్కితె నడుస్తది, ఇంకోటి నొక్కితె ఆగుతది. తెలుగుల మాట వినపడతది గనుక చదువు రానోడు గూడ వాడుతున్నడు. ఇది మాత్రం చెడగొట్టకు. యాపులు, పాస్‌వర్డులు, రంగు గీతలు పెట్టకు. మడిల దిగినోని చేతికి బురద ఉంటది, తడి వేలు పెడితె టచ్ ఫోన్ మాట వినదు.

అసలు కథ మోటర్ ఆన్ అయినంకనే మొదలైతది. నా సంగతే చెప్త. కొన్నేండ్ల కింద మన బోరుకు ఒక డబ్బా కొని బిగించిన. పెండ్లికి పొయ్యి అక్కడి నుంచే ఫోన్ కొడితె, ‘మోటర్ ఆన్ అయినది’ అని ఆడగొంతు ముద్దుగ చెప్పింది. నేను నిమ్మలంగ బువ్వ తిని పండుకున్న. తెల్లారి వచ్చి చూస్తె డెలివరీ పైపుల బొట్టు లేదు, స్టార్టర్ కాడ ఫ్యూజులు పోయినయి. బోరుల నీళ్లు అడుగంటి, మోటర్ ఉత్తగ తిరిగి తిరిగి కాలిపోయింది. డబ్బా అబద్ధం చెప్పలే. మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్, అదే కాంటాక్టర్, పడ్డది, అదే చెప్పింది. కాంటాక్టర్ ముచ్చట నాకెందుకు? నీళ్లు పోస్తున్నయా లేదా, అది గదా కావల్సింది! వైండింగ్ కూలి మిగిలిందనుకో, రాగి తీగ పైసలు, మోటర్ గుంజినోళ్ల పైసలు పోయినయి. మెకానిక్ మోటరే కాలిందని ఊరంత నవ్విన్రు.

అందుకే నీ డబ్బా ఆంపియర్లు, అంటె మోటర్ ఎంత కరెంటు గుంజుతున్నదో చూడాలె. 5 హెచ్‌పీ మోటర్ నీళ్లు ఎత్తుతున్నప్పుడు సుమారు 7, 8 ఆంపియర్లు గుంజుతది. నీళ్లు లేకపోతె బరువుండదు, ఆంపియర్లు పడిపోతయి. బోరుల మునిగుండే సబ్‌మెర్సిబుల్ మోటర్‌కు చుట్టూ ఉన్న నీళ్లే చల్లదనం, అవి లేకుంటె ఎక్కువసేపు బతకదు. అట్ల పడిపోంగనే మోటర్ ఆపి, రైతుకే ఫోన్ కొట్టి ‘బోరుల నీళ్లు లేవు’ అని చెప్పాలె. కొంతసేపు ఊట ఊరనియ్యాలె, అప్పటిదాక మళ్ల నడవద్దు. మూడు ఫేజుల కరెంటుల ఒక ఫేజు పోతె దీనికి ఉల్టా. మోటర్ గుయ్యిమంటది, ఆంపియర్లు లేస్తయి. అన్ని బోర్లకు ఒకే లెక్క పెట్టకు. లైన్ చివర ఉన్న బోరుకు వోల్టేజీ తక్కువుంటది, దాని లెక్క వేరు. బిగించిన రోజు నీళ్లు మంచిగ పోస్తున్నప్పుడు ఎంత గుంజుతున్నదో చూసి, ఆ బోరుకు ఆ లెక్కనే పెట్టు.

ఇంకోటి. 2004ల ఉచిత కరెంటు వచ్చింది గాని విడతల మీద ఇచ్చెటోళ్లు. రాత్రి ఏ జాముకు వస్తదో తెల్వదు. టార్చిలైటు పట్టుకొని పోతె పాములు, తడి చేతికి షాకులు. అందుకే కరెంటు రాంగనే తనంత తాను లేచే ఆటో స్టార్టర్లు ఇంటింటికి వచ్చినయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల 24 గంటల కరెంటు వచ్చినంక, అవి ఆగకుంట తోడితె బోర్లు ఎండుతయని సర్కారే తీసెయ్యమన్నది. అందరు తియ్యలే. కరెంటు పొయ్యి వస్తె ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్ని ఒక్కసారే లేస్తయి. డైరెక్టుగ లేచే మోటర్ ఆ ఒక్క క్షణం ఐదారింతలు గుంజుతది, ఇగ ఫ్యూజు ఉంటదా? నీ డబ్బా మోటర్‌ను వెంటనే లేపకుంట చెయ్యి. ఒక బోరు మోటర్ అర నిమిషానికి లేస్తె, ఇంకో బోరుది రెండు నిమిషాలకు లేవాలె.

డబ్బా మీద చేతి స్విచ్ తప్పకుంట పెట్టు. తండ్రి బోరు కాడ కేబుల్ జాయింట్ విప్పుతుంటె, కొడుకు పట్నం నుంచి ‘నీళ్లు పెడుదాం’ అని ఫోన్ కొట్టిండనుకో! ఆ స్విచ్ కిందికి దించితె ఎవరి ఫోన్ వచ్చినా మోటర్ లేవద్దు. దీనికి మార్కులు రాకున్నా సరే.

కంప్యూటర్లు కంటికి కనపడకుంట మన చుట్టూ కలిసిపోవాలని మార్క్ వైజర్ అనే అమెరికాయన 1991లనే రాసిండని అన్నవు. మంచి మాటనే. మన కాడ మాత్రం డబ్బాను ఎవలు చూడకున్నా బల్లులు చూస్తయి. రెండు ఫేజుల నడుమ బల్లి పడి మాడి, కాలిన స్టార్టర్లు నా కొట్టుల ఎన్నో ఉన్నయి. వైరు పోయే బొక్కలు మంచిగ మూసెయ్యి.

ఆదివారం డబ్బా తీసుకొని రా, మన బోరుకే బిగిద్దాం. రెండు మూడు కంపెనీల సిమ్ములు తెచ్చుకో. బోరు కాడ ఒక్కదానికే సిగ్నల్ వస్తది, అది గూడ యాపచెట్టు దిక్కు తిరిగితెనే.

మీ మామయ్య