జావెలిన్ విసిరాక భుజం నొప్పి: విశ్రాంతి తర్వాత కూడా ఎందుకు తిరగబెడుతోంది?

జావెలిన్ (బల్లెం) విసిరాక భుజం నొప్పి వచ్చిందని, రెండు వారాల విశ్రాంతితో తగ్గినా అమలాపురంలో మళ్లీ విసరగానే తిరగబెట్టిందని, లంక ఇసుకలో సాధన చేస్తున్నానని రాశారు. నా అనుమానం మీ భుజం వెనుక కండరాల మీదే. బల్లెం వదిలాక దూసుకుపోయే చేతికి బ్రేకు వేసేవి అవే. మీరు రెండు వారాలు ఆగారు, నొప్పి పోయింది. కానీ విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది, బలాన్ని ఇవ్వదు. అమలాపురంలో మొదటి రోజే పూర్తి వేగంతో విసిరితే మళ్లీ పట్టేయడంలో వింత లేదు.

1. ప్రస్తుతానికి విసరడం ఆపండి. నూనె రాసి గట్టిగా మర్దన చేయించకండి, పెద్దలు ఎంత చెప్పినా సరే.

2. నొప్పి లేకుండా చేయి పైకి లేచే స్థితి వచ్చాక రబ్బరు బ్యాండుతో వ్యాయామం మొదలుపెట్టండి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, బ్యాండును బయటికి లాగండి.

అందరూ వదిలేసేది ఇక్కడే. లాగడం బాగానే లాగుతారు, తిరిగి వచ్చేటప్పుడు టప్పున వదిలేస్తారు. బ్రేకు బలపడేది ఆ తిరుగు ప్రయాణంలోనే. మూడు నాలుగు సెకన్లు పట్టేలా నిదానంగా రానివ్వండి. 10 చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు.

3. తర్వాత టెన్నిస్ బంతి, ఆపైన నిలబడి సగం బలంతో బల్లెం, చివరికి పరుగుతో. మరుసటి ఉదయం నొప్పి ఉంటే ఒక మెట్టు దిగండి.

4. లంక ఇసుకలో సాధన అన్నారు, అది మానండి. ముందు కాలు కూరుకుపోతే భారమంతా భుజం మీద పడుతుంది. గట్టి నేల చూసుకోండి.

చేయి పైకి లేవకపోయినా, తిమ్మిరి ఎక్కినా, నల్లగా కమిలినా ఇవేవీ చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.