'డీస్టేబిలైజ్' అర్థం తెలిసినా మార్కు ఎందుకు పోయింది?

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 'డీస్టేబిలైజ్' అంటే అస్థిరపరచడం అని తెలుసు. అయినా మాక్ టెస్టులో దానికి దగ్గరి పదంగా 'డిస్టర్బ్' గుర్తించాను. సరైన జవాబు 'అండర్‌మైన్' అట. వ్యాసంలో 'ది గవర్నమెంట్ డీస్టేబిలైజ్డ్' అని రాస్తే అదీ తప్పన్నారు. పదాలు బట్టీ పట్టడం వల్ల లాభం లేదా?
- ఓ విద్యార్థిని

జవాబు: టెన్షన్ పడకండి. మీకు అర్థం వచ్చింది, వాడుక ఇంకా పట్టుబడలేదు, అంతే.

నిద్రకో, చదువుకో భంగం కలిగితే డిస్టర్బ్. కాసేపటికి అంతా మామూలైపోవచ్చు. డీస్టేబిలైజ్ అలా కాదు, నిలబడి ఉన్నదాని పట్టు తప్పించడం. అందుకే ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ, మార్కెట్, ఒక ప్రాంతం లాంటి మాటల పక్కనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. లోలోపల బలహీనపరచడం అండర్‌మైన్ కాబట్టి అది దగ్గరి పదమైంది. అలాగని రెండూ ఒకటి కావు. ఒకరి ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీస్తే అండర్‌మైన్ అనడమే సహజం. జరుగుతున్న పనికి అంతరాయం కలిగితే డిస్రప్ట్. ఆప్షన్లలో 'డిస్ట్రాయ్' కూడా ఉంటే దాని జోలికి పోకండి. పట్టు తప్పిందంటే కూలిపోయినట్టు కాదు.

ఇక మీ వాక్యం. ఈ క్రియకు మామూలుగా కర్త, కర్మ రెండూ కావాలి. ఎవరు, దేన్ని అన్నది తెలియాలి. 'హై ఇన్‌ఫ్లేషన్ కెన్ డీస్టేబిలైజ్ ఏన్ ఎకానమీ' అన్న వాక్యంలో రెండూ ఉన్నాయి. మీరు రాసినదాంట్లో ప్రభుత్వమే కర్త స్థానంలో కూర్చుంది, అది దేన్ని అస్థిరపరిచిందో లేదు. 'వాజ్ డీస్టేబిలైజ్డ్ బై ది స్కాండల్' అంటే సరిపోయేది. కారణం చెప్పక్కర్లేకపోతే 'బికేమ్ అన్‌స్టేబుల్' చాలు.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది వ్యతిరేక రూపాల దగ్గర. స్టేబుల్‌కు అన్‌స్టేబుల్, స్టెబిలిటీకి ఇన్‌స్టెబిలిటీ, స్టేబిలైజ్‌కు డీస్టేబిలైజ్. విశేషణానికి ఒకటి, నామవాచకానికి ఒకటి, క్రియకు ఇంకొకటి! ఎర్రర్ స్పాటింగ్‌కు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఈ మూడు జతలూ కలిపి రాసుకోండి. స్పెల్లింగ్ విషయానికొస్తే, అమెరికన్ పద్ధతిలో 'జెడ్', బ్రిటిష్‌లో ఎక్కువగా 'ఎస్'. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి.

బట్టీ మానక్కర్లేదు, పద్ధతి మార్చండి. నోట్‌బుక్‌లో పదానికి ఎదురుగా తెలుగు అర్థంతో ఆగకుండా, మీరు చదివిన సంపాదకీయంలో ఆ పదమున్న వాక్యాన్ని పూర్తిగా ఎక్కించండి. కింద అదే అచ్చులో సొంత వాక్యం ఒకటి రాసి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు చూపించండి. రోజుకు పదాలు తగ్గినా ఫర్వాలేదు.