నీ దారిదొంగ నాలుగుసార్లు పేల్చలేడు

తమ్ముడూ,

నీ దారిదొంగ కథ చదివాను. లండన్ పక్కన హౌన్స్‌లో బీడు, నల్ల ముసుగు, నల్ల గుర్రం, "డబ్బు తియ్" అన్న గద్దింపు, అన్నీ ఉన్నాయి. కానీ 1750లో జరిగే కథలో నీ దొంగ ఒకే పిస్టల్‌తో వరసగా నాలుగుసార్లు పేల్చాడు. అక్కడే నమ్మకం పోయింది.

ఆ కాలంలో దొంగల దగ్గరుండే మామూలు పిస్టల్‌కి గొట్టం ఒకటే, గుండూ ఒకటే. ముందు గొట్టంలో తుపాకీ మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. పక్కనున్న బుల్లి పళ్లెంలో చిటికెడు మెత్తటి మందు చల్లి మూత పెట్టాలి. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కుకు తగిలి రవ్వలు పళ్లెంలో రాలతాయి. సన్నజల్లు పడితే చాలు, మందు చెమ్మగిల్లి తుస్సుమంటుంది. అదిరే గుర్రం మీద, చీకట్లో, ఇదంతా మళ్లీ చేయడం ఎంత కష్టమో ఆలోచించు. అందుకే రెండు పిస్టళ్లు పెట్టుకునేవాళ్లు. బండిలో నలుగురుంటే దొంగకీ గుండె దడే. ఆ దడ నీ కథలో ఎక్కడా లేదు. 1749 నవంబరులో జేమ్స్ మెక్లేన్ అనే దారిదొంగ లండన్ హైడ్ పార్కులో రచయిత హొరేస్ వాల్పోల్‌ను ఆపినప్పుడు పిస్టల్ పొరపాటున పేలి, గుండు ఆయన కంటి కింద చర్మం గీరుకుపోయింది.

చోటు బాగానే ఎంచుకున్నావు. బాత్ వైపు, ఎక్సెటర్ వైపు పోయే బాటలు ఆ బీడు మీదుగానే వెళ్లేవి. కథను 1784 ఆగస్టు దాటించి తపాలా బండిని దోపించాలనుకుంటే మాత్రం కష్టం. అప్పటినుంచి దాని వెనక తుపాకీతో కాపలాదారు ఉండేవాడు. అంతకుముందు తపాలా సంచీ గుర్రమెక్కిన ఒంటరి కుర్రాడి చేతిలో వెళ్లేది.

నీ అసలు లోపం వేరే. పదిపేజీలు దోపిడీకిచ్చి, సొమ్ము సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. దోపిడీ నాలుగు నిమిషాల పని; మనిషి ఉరికంబం దాకా వెళ్లేది ఆ తర్వాత. గినీలైతే, అంటే అప్పటి బంగారు నాణేలైతే, ఖర్చుపెట్టెయ్యొచ్చు, ఏ గినీ ఎవరిదో చెప్పలేం. గడియారం అలా కాదు. దాని మీద చేసినవాడి పేరు, నంబరు చెక్కి ఉంటాయి. పోగొట్టుకున్నవాడు పత్రికలో ప్రకటన వేస్తాడు, తాకట్టు దుకాణాలవాళ్లు అది చదువుతారు. మెక్లేన్ కథ ముగిసిందీ ఇలాగే. 1750 జూన్‌లో సాలిస్‌బరీ కోచిని (ప్రయాణికుల గుర్రబ్బండి) దోచి, అందులో దొరికిన జరీ బట్టలు అమ్మబోయి దొరికిపోయాడు. అక్టోబరు 3న లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్‌లో ఉరితీశారు.

దీనికి తోడు 1692 నాటి చట్టం. దారిదొంగను పట్టిచ్చి, నేరం రుజువైతే 40 పౌన్లు బహుమతి. కూలివాడి ఏడాది సంపాదన కన్నా ఎక్కువ. దొంగ గుర్రం, ఆయుధాలు కూడా పట్టిచ్చినవాడికే. ఇప్పుడు నీ కథలో సత్రంలో గుర్రాలు కాసేవాణ్ణి చూడు: ఏ బండిలో ఎవరెక్కారో దొంగకు చెవిన వేసేది వాడే, రేపు బహుమతి కోసం ఆ దొంగను పట్టిచ్చేదీ వాడే. వాణ్ణి నువ్వు రెండు మాటల్లో పంపించేశావు!

యార్క్ దాకా ఒక్క గుర్రం మీద పరుగు తీసెయ్. అది డిక్ టర్పిన్ అనే దారిదొంగకు తర్వాతివాళ్లు అంటగట్టింది. నిజానికి 1739లో అతణ్ణి ఉరితీసింది గుర్రాల దొంగతనానికి. మారుపేరుతో యార్క్ జైల్లో ఉండి ఉత్తరం రాస్తే, బావ తపాలా రుసుం కట్టి తీసుకోనన్నాడు. చిన్నప్పుడు రాత నేర్పిన మాస్టారు పైచిరునామా చూసి గుర్తుపట్టాడు. దీనిముందు గుర్రప్పరుగు ఏపాటి?

దోపిడీని పేజీన్నరకు కుదించు. తాకట్టు దుకాణంవాడు గడియారం వెనకమూత తిప్పి చూడటం దగ్గర మొదలుపెట్టి, సత్రంవాడి బేరం దాకా తిరగరాయి. ముందుగా ఆ దుకాణం సన్నివేశం ఒక్కటే పంపు.

మీ అన్నయ్య