మొహమాటానికి రాజీనామా రాసివ్వకండి

ప్రశ్న: పెళ్లయి బరంపురం వచ్చాను, పుట్టిల్లు ఇచ్ఛాపురం. మూడేళ్లుగా ఒక హోల్‌సేల్ బట్టల షాపులో అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 18 వేలు. ఇప్పుడు ఆరో నెల, ఫిబ్రవరి ఆఖర్లో డెలివరీ. సెలవు అడిగితే ఓనర్ ‘మాది చిన్న షాపమ్మా, రెండు నెలలైతే సర్దుకుంటాం. లేదంటే రాజీనామా ఇచ్చి వెళ్లు, తర్వాత మళ్లీ తీసుకుంటాను’ అన్నారు. ఆయన మా మామగారి స్నేహితుడు. గొడవెందుకు అంటున్నారు మా ఆయన. ఏం చేయాలి?

జవాబు: రాజీనామా మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా. ‘మళ్లీ తీసుకుంటాను’ అని ఆయన మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు. కానీ మీ కుర్చీలో ఇంకొకరు కుదురుకున్నాక వాళ్లని పొమ్మనగలరా?

చిన్న షాపు అనే మాటకు చట్టంలో ఒక లెక్క ఉంది. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా పదిమంది పనిచేసి ఉంటే చాలు, ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందే. కౌంటర్లో వాళ్లనే కాదు, గోడౌన్లో మూటలు మోసేవాళ్లనీ, దసరా రద్దీకి పెట్టుకున్న కుర్రాళ్లనీ కలిపి లెక్కేయండి. పదిమంది తేలితే మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాలు మీ హక్కు. 2017కు ముందు ఇది 12 వారాలే. డెలివరీకి ముందు అందులో 8 వారాలకు మించి వాడుకోకూడదు. సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

ఈరోజే జీతం స్లిప్పు తీసి చూడండి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత కనిపిస్తే సగం టెన్షన్ తీరినట్టే. అప్పుడు ఆ ఆరు నెలల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, ఓనర్ జేబులోంచి పోదు. చాలామంది ఓనర్లకు ఈ సంగతి తెలియక భయపడతారు.

ఆయన అసలు భయం మార్చి లెక్కలని నాకనిపిస్తోంది. అది న్యాయమైన భయమే, దానికి మీరే దారి చూపించండి. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) కాస్త తెలిసిన కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని డిసెంబర్, జనవరి నెలల్లో 11వ తేదీ, 20వ తేదీ జీఎస్టీ రిటర్న్‌లు అతని చేతే వేయించండి. పార్టీల బాకీలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. అంతేగానీ ‘ఇంటి నుంచి చేసిపెడతాను’ అని మాటివ్వకండి. పురిటి మంచం మీద లాప్‌టాప్ ఏమిటమ్మా! కాన్పయ్యాక ఆరు వారాలు మీ చేత పని చేయించడాన్ని చట్టమే ఒప్పుకోదు.

మీవారితో గొడవ సంగతి కాదు, లెక్క మాట్లాడండి. ఆరు నెలల జీతమంటే లక్ష పైమాటే. మామగారినీ వెంట తీసుకెళ్లండి, ఆ స్నేహం ఇప్పుడే కదా అక్కరకు రావాలి. అప్పటికీ కాదంటే జిల్లా లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

శ్రీమంతానికి పుట్టింటికి వెళ్లేలోపే ఉత్తరం ఇచ్చేయండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద షాపు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఇంత రాస్తే చాలు: ‘ఫిబ్రవరి 1 నుంచి 26 వారాలు ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను. ఆగస్టు మొదటి వారంలో డ్యూటీలో చేరతాను. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.’