విడిభాగాలు ఇచ్చే ముందు మేనకోడలికి నాలుగు మాటలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేళచ్చేరి ఇల్లు ఖాళీ చేస్తూ, అటక మీది పాత కంప్యూటర్ సామానంతా సైదాపేటలో కుర్రవాళ్లు నడుపుతున్న విడిభాగాల లైబ్రరీకి ఇచ్చేస్తానని రాశావు. చాలా సంతోషం అమ్మాయీ. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మరమ్మతుల బల్ల ముందు సగం జీవితం గడిపినవాడిని కనుక, ఇచ్చే ముందు నువ్వు చేయవలసిన పని చెబుతాను.

ఒక పాలిటెక్నిక్ విద్యార్థి కంప్యూటర్ ఆన్ కావడం లేదనుకో. లోపం కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్‌దా, తాత్కాలిక మెమరీ ర్యామ్‌దా, భాగాలన్నీ అతికే ప్రధాన బోర్డు మదర్‌బోర్డుదా? బాగా పనిచేస్తుందని తెలిసిన భాగాన్ని ఒక్కొక్కటిగా పెట్టి చూడటం మా వృత్తిలో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. దుకాణంలో అందుకు విడిగా సామాను ఉంటుంది. ఆ పిల్లవాడి ఇంట్లో ఉండదు. లైబ్రరీ నుంచి తెచ్చుకుని, పెట్టి చూసి, తిరిగి ఇచ్చేస్తాడు. నువ్వు ఇచ్చిన ర్యామే అప్పుడప్పుడు తప్పులు చేసేదైతే, నిక్షేపంలాంటి మదర్‌బోర్డు పాడైందనుకుంటాడు. కొత్తదానికి వాళ్ల నాన్న అప్పు చేస్తాడు. అందుకే అనుమానం ఉన్న వస్తువును ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మేలు. ఈ విషయంలో నేను మొహమాటపడను.

ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ ప్రోగ్రాంతో రాత్రంతా పరీక్షించు. ఒక్క తప్పు కనిపించినా పక్కన పెట్టేయి. హార్డ్ డిస్క్‌కు స్మార్ట్ నివేదిక (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తీసి, చెడిపోయిన సెక్టార్ల లెక్క చూడు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాల) తలలు ఉబ్బి ఉన్నాయేమో వెలుతురులో పరిశీలించు. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పవద్దు, ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపల ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

పరీక్ష అయ్యాక చీటీ అంటించు. ‘4 జీబీ ర్యామ్’ అని రాస్తే చాలదు. ర్యామ్‌లో తరాలున్నాయి: డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. గాడి ఉండే చోటు వేరు, వోల్టేజీ వేరు, ఒకటి మరొకదానిలో పట్టదు. ఏ రకం, ఏ వేగం, ఏ తేదీన పరీక్షించావు అన్నీ రాయి. ల్యాప్‌టాప్ చార్జర్‌ను దాని ల్యాప్‌టాప్‌కే కట్టి ఇవ్వు. విడిపోయిన చార్జర్‌కు జోడు వెతకడం అక్కడి పిల్లలకు పెద్ద తలనొప్పి.

మీ ఇంటికి ప్రత్యేకంగా ఒక మాట. 2015 డిసెంబరు వరదలోనో, 2023లో మిచౌంగ్ తుపానుకో కింది గదిలో తడిసిన పెట్టె ఏదైనా ఉంటే, అది ఇప్పుడు పనిచేస్తున్నా ‘వరద నీరు తగిలింది’ అని చీటీ మీద రాయి. నీరు ఆరిపోయినా చిప్పుల కింద చేరిన లవణాలు అలాగే ఉంటాయి. చెన్నై గాలిలో తేమకు అవి లోహాన్ని మెల్లగా తినేస్తూనే ఉంటాయి. దాచిపెట్టి ఇవ్వకు తల్లీ.

ఇక డిస్కుల సంగతి. అందులో మీ అమ్మ ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు, పెళ్లి ఫొటోలు ఉంటాయి. కావలసినవి ముందు దాచుకో. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్‌తో సమాచారం పోదు, తిరిగి బయటికి తీయవచ్చు. హార్డ్ డిస్క్ అయితే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సున్నాలు రాయించు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి నమ్మదగినది కాదు, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్పు రాతలను తనకు తోచిన చోటికి మళ్లిస్తుంది. దానికి తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ (అంతా చెరిపే ఆదేశం) వాడాలి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఎంత పాతదైనా ముట్టుకోవద్దు, అది నీది కాదు. నీ సొంత ల్యాప్‌టాప్‌కు ఆన్ చేయగానే అడిగే బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తీసేయి.

మీ నాన్నగారి డెస్క్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కడం లేదని పనికిరాని సామానులో కలిపావట. అది తప్పు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది కానీ యంత్రం చెడిపోలేదు. ఒక ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిస్తే పదో తరగతి పిల్లకు ఇంకా కొన్నేళ్లు చదువు చెబుతుంది. దాన్ని భాగాలుగా విప్పకుండా యంత్రంగానే ఇవ్వు.

బోర్డులను వెండి రంగు యాంటీస్టాటిక్ కవర్లలో పెట్టు. అవి లేకపోతే మామూలు కాగితం చుట్టి అట్టపెట్టెలో సర్దు, పాలిథీన్ సంచీ, థర్మోకోల్ వద్దు. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని గుచ్చకు, నొక్కకు, ఈ పెట్టెలో అసలు పెట్టకు. లిథియం అంటుకుంటే ఆర్పడం కష్టం.

తీసుకెళ్లాక వాళ్లు కొన్నింటిని వద్దంటారు. చిన్నబుచ్చుకోకు. వాళ్లకు చోటు తక్కువ, అక్కరలేనివి నింపుకుంటే అక్కరకొచ్చేవి దొరకవు. వద్దన్నవాటినీ ఆ బ్యాటరీనీ చెత్తబండిలో వేస్తే పెరుంగుడి గుట్టకు చేరతాయి, దాని పక్కనే పళ్లికరణై చిత్తడి నేల. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లు ఉన్నారు, వాళ్లకు అప్పగించి రసీదు తీసుకో. ఆదివారం పొద్దున నేను వస్తాను, మెమ్‌టెస్ట్ శనివారం రాత్రే మొదలుపెట్టి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య