చెవులతో చదువుకుంటున్న అమ్మాయికి

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. రోజూ చెన్నైలో తాంబరం నుంచి నుంగంబాక్కం దాకా లోకల్ ట్రైన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాత సాహిత్యం వింటున్నానని, ఇంకా ఏమేం వినాలో లిస్టు పంపమని అడిగావు. చివర్లో ఇంకో ప్రశ్న, కాస్త జంకుతూ అడిగినట్టుంది: వింటే చదివినట్టేనా అని.

లిస్టు పంపను. రెండో దానికి మాత్రం జవాబు చెబుతాను.

నీకు స్కూల్లో తెలుగు లేదు. తమిళనాడులో 2006లో చట్టం వచ్చి ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక, నీ ఈడు పిల్లలు చాలామందికి తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగానే మిగిలింది. పెద్దయ్యాక అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నావు. ఇప్పటికీ ఒక పేజీ చదవాలంటే టెన్షన్‌గా ఉంటుందన్నావు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. పరీక్షిత్తు భాగవతాన్ని చదవలేదు, ఏడు రోజులు కూర్చుని విన్నాడు. సంతకం పెట్టడం కూడా రాని ఆడవాళ్ళకి గజేంద్రమోక్షం పద్యాలు నోటికి వచ్చేవి. అయితే వాళ్ళు విన్నదే మళ్ళీ మళ్ళీ విన్నారు. నీతో నాకు పేచీ అక్కడే. ఒక వారం కన్యాశుల్కం, ఇంకో వారం శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు, ఆ పై వారం భారతం, అదీ ఒకటిన్నర స్పీడులో! కన్యాశుల్కంలో గిరీశం కోతలు కోస్తూ పోతాడు, నిజమే. ఎదుటివాడు నమ్మాడో లేదో చూసుకోడానికి మధ్యలో ఆగుతాడు కూడా. స్పీడు పెంచితే ముందు ఎగిరిపోయేది ఆ ఆగడమే.

ఒక్క కన్యాశుల్కంతోనే ఈ ఏడాది గడిపెయ్యమన్నా తప్పులేదు. 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ దాదాపు తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. ఇవాళ మనకు దొరికేది ఎక్కువగా ఆ రెండో కూర్పే. వింటున్నప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో పేరు వినపడదు. అయినా మధురవాణి నోరు విప్పగానే ఆమేనని తెలిసిపోతుంది. అగ్నిహోత్రావధానులు కోపం వేరు, లుబ్ధావధాన్లు గోల వేరు. ఎలా తెలుస్తోందో కనిపెట్టాలంటే ఒక పని చెయ్యి. రైలు దిగాక, ఆ పూట విన్న సంభాషణలో నాలుగైదు మాటలు జ్ఞాపకం ఉన్నంతవరకు కాగితం మీద పెట్టు. రాత్రికి అచ్చు పుస్తకం తెరిచి పోల్చి చూడు. నువ్వు రాసింది ఆయన రాసినదానికన్నా పొడుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. అదనంగా పడ్డ మాటలేవో వాటి కింద గీత గియ్యి. అవి నీవి. నీ కథలోనూ అవే ఉన్నాయి, నేను ఎర్ర ఇంకుతో చుట్టి పంపుతున్నాను చూడు.

పద్యం దగ్గర మాత్రం వరస మార్చు, ముందు పుస్తకం, తర్వాత చెవి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం నువ్వు వినే ఉంటావు: "బావా! ఎప్పుడు వచ్చితీవు? సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్". శార్దూలం అనే వృత్తం. పాదానికి పంతొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జోడీ కుదరాల్సిన చోటు. వేళ్ళ మీద లెక్కపెట్టుకో, "బా"తో మొదలైన పాదంలో సరిగ్గా పదమూడో చోట "భ్రా" పడుతుంది. ఎప్పుడొచ్చావు, ఇంట్లో అందరూ కులాసానా అని మామూలుగా అడిగే మాటలే అంత కట్టుదిట్టమైన లెక్కలో ఎక్కడా బిగుసుకోకుండా కూర్చున్నాయి. స్టేజీ మీద నటులు తీసే రాగంలో ఈ పనితనం కొట్టుకుపోతుంది. ఆ రాగమూ నాకిష్టమే, కానీ రాయడం నేర్చుకునేవాళ్ళకి అది పనికొచ్చేది తక్కువ.

చదివే గొంతు విషయంలోనూ అంతే. వెనక వీణలు, వానలు వినిపించే ఆడియోలు వద్దు. ఏడవాల్సిన చోటు చదివేవాడే ఏడిచేస్తే, వాక్యం ఏం చేసిందో నీకెలా తెలుస్తుంది? ఇంగ్లీషు పుస్తకాలకి లిబ్రివాక్స్ ఉంది. 2005 నుంచి వాలంటీర్లు కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు చదివి ఉచితంగా పెడుతున్నారు. వాళ్ళలో చాలామంది నటించరు, తాపీగా చదువుకుంటూ పోతారు. నీకు కావలసింది అదే.

ఇక నీ కథ. వ్యాసర్‌పాడిలో పూలమ్మే ముసలమ్మ విజయనగరం యాసలో మాట్లాడుతోంది! మనవణ్ణి "బేగి రా" అని పిలుస్తుంది. ఆ వీధిలో అయితే తమిళం కలిపి "సీక్రం రా" అని కేకేస్తుంది. గురజాడ తన ఊరి మాట విన్నాడు, నువ్వు నీ ఊళ్ళో ఉండి ఆయన ఊరి మాట దించావు. నీకు తమిళం బాగా వచ్చు కాబట్టి కి. రాజనారాయణన్‌ని చదువు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెల మాటని ఆయన కథల్లోకి ఉన్నదున్నట్టు తెచ్చాడు. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన "గోపల్లపురత్తు మక్కళ్" తెలుగు నేల నుంచి వలసపోయినవాళ్ళ ఊరి కథే. నీ ఇంటి తెలుగులో తమిళం కలిసిందని ఉత్తరంలో రెండుసార్లు నొచ్చుకున్నావు. ఆయన్ని చదివాక ఆ మాట మళ్ళీ అనవనుకుంటాను.

వారానికి ఒకరోజు ఇయర్‌ఫోన్స్ ఇంట్లో వదిలేసి రైలెక్కు. లేడీస్ పెట్టెలో తెలుగు ఎక్కడ వినపడితే అక్కడ నిలబడు. ముసలమ్మ మాటలన్నీ కొట్టేసి, మిగతా కథ ముట్టుకోకుండా మళ్ళీ రాసి పంపు. కన్యాశుల్కం నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఆదివారం మైలాపూర్ వైపు వస్తే ఒకటి తీసుకెళ్ళు. అట్ట ఊడింది, రబ్బర్ బ్యాండ్ వేసి ఉంచాను.

ఉంటాను,
నీ శ్రేయోభిలాషి